బొమ్మకారును బాలుని చేతికే విడువవలయును

రేడియోకారు ఆటవస్తువు గదా, దానినిగూర్చి పాఠశాల పత్రికలో వ్రాయనేల యని కొందరు నవ్వవచ్చును. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. గత సంవత్సరము జరిగిన చిన్నసంగతి యొకటి మా తలంపును మార్చినది.

మా తరగతి బాలుడొకడు మేనమామ కొనియిచ్చిన కారును సంచిలో పెట్టుకొని వచ్చెను. అది తిన్నగా పోక ఎడమకు లాగుచుండెను. రెడ్డిగూడెము మామిడితోటల గాడిబాటలపై ఎగిరి బోర్లపడుచుండెను. “మాస్టరుగారూ, ఇది పాడుకారండీ, ఇంకొకటి కొనవలెనండీ” యని వాడు కన్నీరు పెట్టుకొనెను. మేము జాలిపడి, మరమేకులు విప్పి, అరగంటలో సరిచేసి యిచ్చితిమి. వారము తిరుగకమున్నే అది మామిడివేరునకు తగిలి మరల ఎడమకు లాగెను. వాడు మరల మాయొద్దకే వచ్చెను. అప్పుడు మా తప్పు మాకు తెలిసినది. మేము కారును బాగుచేసితిమి గాని బాలునికి విద్య చెప్పలేదు.

రెండవమారు స్క్రూడ్రైవరు వాని చేతికిచ్చి మేము ప్రక్కన కూర్చుంటిమి. బ్యాటరీని తీసియే పనిచేయవలెను, దానిని పెద్దల యెదుటనే చార్జి చేయవలెను అని మాత్రము కట్టడి చేసితిమి. ఒకసారికి ఒకదానినే మార్చి, ఆ మార్పును నోటుపుస్తకములో వ్రాయుమంటిమి.

వాడు చక్రములను త్రిప్పు లంకెకడ్డీలను స్కేలుతో కొలిచెను. ఎడమది వంగి రెండు మిల్లీమీటర్లు పొట్టియై యుండెను. దానిని విడిచి రిమోటుమీది ట్రిమ్ముతోనే సరిపెట్టినచో కారు తిన్నగా పోవును గాని, ఒక ప్రక్కకు ఎక్కువగను రెండవ ప్రక్కకు తక్కువగను తిరుగును. మలుపులో లోపలి చక్రము వెలుపలిదానికంటె ఎక్కువ వాలుగా తిరుగవలెను. అది గీయు వలయము చిన్నది గనుక. దీనికి తగిన అమరికను మ్యూనిచ్ నగరములో గుఱ్ఱపుబండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ 1817లో కల్పింపగా, 1818లో ఆకర్‌మన్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. బాలుడు త్రాటితో నేలపై రెండు వలయములు గీచి ఆ సంగతి గ్రహించెను. క్షేత్రగణితమున మేము చెప్పిన వృత్తము వానికి ఆనాడు కంటబడినది.

ఇక ఎగురుట. మామిడికాయలు బండికెత్తునప్పుడు అడుగున వరిగడ్డి పరతుము గదా. కారునకు స్ప్రింగు అట్టిది. స్ప్రింగు ఒక్కటియే యున్నచో ఊగుచునే యుండును. దాని ఊపును గొట్టములోని నూనె ఆపును. బిగింపు ఉంగరమును త్రిప్పిన స్ప్రింగు గట్టిపడునని వాడు తలచెను. గట్టిపడలేదు, కారు ఎత్తు మాత్రము పెరిగినది. మలుపులలో మరింత బోర్లపడినది. ఉంగరమును వెనుకకు త్రిప్పి, షాకు పైకొనను లోపలి రంధ్రమునకు మార్చి వాల్చగా కారు మెత్తబడి గాడిబాటను అంటుకొని నడచెను. సిమెంటునేలకు ఇంత మెత్తదనము తగదని కూడ వాడే కనుగొనెను. ఇందుకు నాలుగు సాయంకాలములు పట్టినవి.

ఇట్టి పనికై ప్రభుత్వమును ధనము వెచ్చించుచున్నది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్, 6 మొదలు 12 వరకు తరగతులవారు చేతితో నేర్చుకొను ప్రయోగశాలలకు ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఏర్పరచినది. కాని గది యున్నను లేకున్నను, పరికరములు చెడునను భయమున బీరువాకు తాళమువేయు అలవాటు మన ఉపాధ్యాయులలో కలదు. మాలోను ఉండెను. ఇది పరీక్షకు రాదు గదా యని తలిదండ్రులందురు. కొలుచుట, కారణము వెదకుట, తన ఊహ తప్పని తానే ఒప్పుకొనుట పరీక్షకు రానివా? మా చిన్ననాడు తాటికాయలబండి విరిగిన మేమే మరల కట్టుకొంటిమి; కొన్న వస్తువు విరిగిన ఇంకొకటి కొనుమని నేటి బాలుడేడ్చుటకు కారణము మనము వానిని విప్పనీయకుండుటయే.

కావున తలిదండ్రులకును తోడి ఉపాధ్యాయులకును మా మనవి యొక్కటే. బాలుడు ఒక మరమేకు పోగొట్టిన కోపింపకుడు. తాళము తీయుడు, స్క్రూడ్రైవరు వానికిచ్చి మీ చేతులు కట్టుకొనుడు. మా బాలుని కారు మరల ఎడమకు లాగినచో వాడిక మాయొద్దకు పరుగెత్తి రాడు. ముందు స్కేలు తీసికొనును.