ఏ త్రాసులో తూగాలి?

కరీంనగర్ నుండి ఒక సోదరి తన సందేహాన్ని మాకు వ్రాసి పంపారు. ఆమె నలభై రోజుల బరువు తగ్గించే కార్యక్రమంలో చేరారు. ముప్పై మంది స్త్రీలు, అందరికీ ఒకే ఆహార పట్టిక. ప్రతి ఉదయం బరువు చూసుకొని ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆమె ఏడు కిలోలు తగ్గారు. మోకాళ్ళ నొప్పి తగ్గి, కుర్చీ అవసరం లేకుండా నేలపై సజ్దా చేయగలుగుతున్నారు. అల్‌హమ్దులిల్లాహ్! అయితే ఆమె ఆవేదన వేరు: "సోమ, గురువారాల ఉపవాసాలు ఇదివరకు అల్లాహ్ కోసం పాటించేదాన్ని. ఇప్పుడు సహ్రీకి లేచినా రేపటి అంకే మనసులో మెదులుతోంది. నా ఉపవాసాలు స్వీకరించబడతాయా?"

ఇలాంటి కార్యక్రమాలు మనకు కొత్త కావు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం తెలుగు నేలంతా మారుమ్రోగింది. అన్నం, రొట్టె, చక్కెర మానాలి. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్ళు, 2 మల్టీ విటమిన్ మాత్రలు తీసుకోవాలి. వేలాదిమంది పాటించారు, పలువురు వైద్యులు అభ్యంతరం తెలిపారు. ఆ చర్చ వైద్యులది. మేము గమనించింది ఒక్కటే: ఒంటరిగా వారం రోజులైనా నోరు కట్టుకోలేనివారు కూడా పదిమందితో కలిస్తే నిలబడగలుగుతున్నారు. ఇందులో వింత లేదు. గంటకొక చాయ్ లేనిదే గడవని మనిషి రమజానులో పగలంతా చుక్క నీరు ముట్టకుండా ఉండటం లేదా? ఇంటిల్లిపాదీ, వాడంతా తోడుగా ఉండటమే ఆ బలం. మంచి పనిలో పరస్పరం సహకరించుకోమన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం (5:2) ఎంత సత్యమో! కాని అదే రమజానులో ఇఫ్తార్ వేళ మిర్చీలు, హలీమ్, షర్బత్‌లతో బరువు పెంచుకునేదీ మనమే.

తినండి, త్రాగండి, మితిమీరకండి అన్నది ఖుర్ఆన్ బోధ (7:31). పొట్టలో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి చాలునని దైవప్రవక్త (స) ఉపదేశించారు (తిర్మిజీ). బగారా అన్నం పళ్ళెం ముందుకు రాగానే మనం మరచిపోయే హదీసు ఇదే.

ఇక సోదరి ప్రశ్న. హజ్ యాత్రలో వ్యాపారం చేసుకోవటం పాపం కాదని ఖుర్ఆన్ (2:198) అనుమతించింది. ఆరాధనే అసలు సంకల్పమై, ప్రాపంచిక లాభం దాని వెంట వస్తే దోషం లేదని ధర్మపండితులు దీనినుండి గ్రహించారు. బరువు తగ్గటమే ఏకైక ఉద్దేశమైతే మాత్రం అది పథ్యం అవుతుంది, ఆరాధన కాజాలదు. అమ్మా, మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: రేపు ఆ అంకె తగ్గదని ముందే తెలిసినా ఈ ఉపవాసం ఉంటారా? ఉంటానని మనసు చెబితే నిశ్చింతగా ఉండండి. తడబడితే ఉపవాసం మానకండి, సంకల్పాన్ని సరిదిద్దుకోండి. ఉపవాస దినాల్లో త్రాసు ఎక్కకపోవటం అందుకు సులభమైన ఉపాయం.

గ్రూపు పెద్దలకూ ఒక మాట. ఒకరి అంకెను అందరి ముందు పెట్టి నవ్వటం, సిగ్గుపరచటం నిషిద్ధం (49:11). ఒకసారి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) మిస్వాక్ కోసం చెట్టెక్కగా, గాలికి బట్ట తొలగి ఆయన సన్నని పిక్కలు కనిపించాయి. సహచరులు నవ్వారు. ప్రళయదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ పర్వతం కన్నా బరువు తూగుతాయని ప్రవక్త (స) వారికి తెలియజేశారు (ముస్నద్ అహ్మద్). సన్నగా ఉన్నవారైనా, లావుగా ఉన్నవారైనా ఎదురుచూడవలసిన త్రాసు అదే.

షుగరు మాత్రలు వాడేవారు అన్నం, రొట్టె ఒక్కసారిగా మానితే, అవే మాత్రలు రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. మోతాదు మార్చవలసినవాడు వైద్యుడే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే ఏ పట్టికనూ అనుసరించరాదు. దేహం మనకు అమానతు.

చివరిగా దస్తర్‌ఖాన్ సంగతి. హజ్రత్ అబూ దర్దా (రజి) ఎడతెగని ఉపవాసాలలో మునిగి ఇంటివారిని పట్టించుకోకపోతే, ఆయన తనతో కూర్చుని తినేదాకా హజ్రత్ సల్మాన్ (రజి) ముద్ద ముట్టలేదు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ హక్కులున్నాయని ఆయన చెప్పగా ప్రవక్త (స) దానిని ధ్రువీకరించారు (బుఖారీ). కనుక పథ్యంలో ఉన్నా పిల్లలతో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోండి. వారి పళ్ళేనికి వంక పెట్టకండి. మీ పళ్ళెంలో జొన్నరొట్టె, ఆకుకూర ఉండవచ్చు. బిస్మిల్లాహ్ మాత్రం అందరూ కలిసే పలకండి.

నలభై రోజుల తరువాత గ్రూపు మూతపడుతుంది. ఇంటివారి తోడు మిగిలి ఉంటుంది. అల్లాహ్ మన దేహాలకు స్వస్థతను, సంకల్పాలకు శుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.