దిగేవాళ్లను అడగండి

రాంకిన్ సూత్రంతో మట్టి ఒత్తిడి లెక్కగట్టి మార్కులు తెచ్చుకుంటాం. ఆ మట్టి పక్కన గోతిలోకి ఇవాళ ఎవరు దిగుతారో మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగదు. సైటులో పొద్దున్నే మేస్త్రీ నోట వినపడేదీ ఒక్క మాటే: "సాయంత్రానికి ఇన్ని మీటర్ల పైపు పడాలి."

ప్రమాదాల లెక్క కూడా ఆ మాటతోబాటే, ఏ రోజుకారోజు, తేలాలని నా వాదన. నిన్న నిలువుగా నిలిచిన గోతి గోడ రాత్రి వానకు నాని ఉంటుంది. ఒకటిన్నర మీటరు లోతు దాటితే గోడలకు చెక్కలతో దన్ను కట్టాలని ఐ.ఎస్. 3764 చెబుతోంది. రూలు ఉంది, సరే. ఇవాళ చెక్కలొచ్చాయా? తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు? అంచున పోస్తే ఆ బరువే గోడను లోపలికి తోస్తుంది. పైపుల లారీ ఏ పక్కనుంచి వస్తుంది? గోతిలో దిగకముందే, దిగే ఆడా మగా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. పాలమూరు కూలీకి నేల సంగతి మనకన్నా బాగా తెలుసు, అడిగేవాడే లేడు.

"హెల్మెట్లు ఇచ్చాం గదండీ" అంటారు కాంట్రాక్టర్లు. మీద పడే ఇటుకకు హెల్మెటు అడ్డం గానీ, మీద పడే గోడకు కాదు గదా!

లెక్చరర్లకొక మనవి. ఈసారి సైటు చూపించేటప్పుడు పొద్దున్నే, పని మొదలవకముందే తీసుకెళ్లండి. ఆ పూట ఎవరు ఎవరికి ఏం చెప్పారో రికార్డులో రాయించండి.