దున్నేది పాసుబుక్కు కాదు

ఎరువుల సబ్సిడీని తిట్టని ఆర్థికవేత్త అరుదు. యూరియా చౌక కాబట్టే ఎడాపెడా చల్లుతున్నారనీ, నేల పాడవుతోందనీ, ఆ డబ్బేదో నేరుగా రైతు ఖాతాలో వేస్తే పోతుందనీ అంటారు. చాలావరకు నిజమే. కానీ ఆ బస్తాకున్న ఒక ధర్మం నగదు బదిలీకి లేదు. రూ. 266.50 పెట్టి 45 కిలోల యూరియా కొనేవాడు మామూలుగా భూమి తనదేనని రుజువు చూపక్కర్లేదు. ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. సేద్యం చేసేవాడే ఎరువు కొంటాడు గనుక సబ్సిడీ కూడా అతనికే చేరుతుంది.

2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన తెలంగాణ నగదు సాయం రైతుబంధు మాత్రం పట్టాదారు పాసుబుక్కును చూసింది, మడిలో దిగినవాణ్ని చూడలేదు. ఎకరానికి ఒక్కో పంటకు రూ. 4,000, మరుసటి ఏడాది నుంచి రూ. 5,000. ఇన్నెకరాలకే అన్న పరిమితి లేదు. దాంతో రెండెకరాల రైతుకు ఏడాదికి రూ. 20 వేలు వస్తే, ఇరవై ఎకరాల ఆసామికి రూ. 2 లక్షలు వచ్చాయి, అతను పొలం మొహం చూసి ఎన్నేళ్లయినా సరే. విత్తనం, కూలీ, అప్పు మీద వడ్డీ అన్నీ కౌలుదారువి. ‘పెట్టుబడి సాయం’ మాత్రం పెట్టుబడి పెట్టనివాడిది! కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ రూ. 6,000 కూడా భూమి ఎవరి పేరున ఉంటే వారికే.

ప్రభుత్వ సొమ్ము వస్తోంది కదా, ఆసామి కౌలు కాస్త తగ్గించకూడదా అని అడగవచ్చు. ఎందుకు తగ్గిస్తాడు? అదే చెక్క కోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉంటారు.

కౌలుదారు పేరు కాగితంపైకి ఎక్కనివ్వకపోవడానికి కారణమైన ఆసాముల భయం పాతది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులు హక్కుదారులయ్యారు. ఆ జ్ఞాపకం ఊళ్లలో ఇంకా చెరగలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం రుణ అర్హత కార్డులిచ్చింది గానీ బ్యాంకులు వాటిని పెద్దగా ఖాతరు చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం పదకొండు నెలల సాగుదారు హక్కు పత్రం తెచ్చి, దానికి యజమాని సమ్మతి కావాలంది. సంతకం పెట్టడానికి జంకేవాడి సంతకమే తాళంచెవి అయింది. పైగా వైఎస్సార్ రైతు భరోసా రూ. 13,500 కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే పరిమితమైంది.

పశ్చిమ బెంగాల్‌లో 2019 నాటి కృషక్ బంధు పంటలో వాటాకు సాగు చేసే బర్గాదార్లలో నమోదైనవారికీ వర్తించింది. అక్కడి పాలకుల మనసు మెత్తన కాబట్టి కాదు. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా వల్ల వారి పేర్లు అప్పటికే రికార్డుల్లో ఉన్నాయి. మన దగ్గర అదే లేదు. అలాగని కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. ఈ-పంట పేరిట ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఆంధ్రప్రదేశ్ నమోదు చేస్తూనే ఉంది. ఆ నమోదుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలో ఒక్క వాక్యం రాసి, సాయాన్ని ఆ పేరుకు ముడిపెడితే సంతకం అడగాల్సిన పనే ఉండదు.

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు స్థానంలో రైతు భరోసా పేరుతో సాయాన్ని ఎకరానికి పంటకు రూ. 6,000 చేసి, గుట్టలూ లేఅవుట్లూ జాబితా నుంచి తీసేసింది. మంచి పనే. ఎన్నికల ముందు కౌలుదారులకూ ఇస్తామన్న మాట మాత్రం అమలుకు రాలేదు.

అదే ఏడాది వానాకాలంలో యూరియాకు కటకట వచ్చింది. క్యూలో మనుషులకు బదులు చెప్పులు పెట్టారు. ఒకరే ఎక్కువ బస్తాలు పట్టుకుపోకుండా చాలాచోట్ల పట్టాదారు పాసుబుక్కు జిరాక్సు తెమ్మన్నారు. కౌలు రైతు క్యూలో తన చెప్పులు వదిలి, జిరాక్సు కోసం ఆసామికి ఫోన్ చేయాల్సి వచ్చింది.