తెలుగు తరగతికి ఆకాశమూ పాఠమే



కృష్ణగిరి ప్రాంతపు మన పిల్లలకు జవ్వాది కొండలు మరీ దూరం కావు. అక్కడి కావలూరు వేధశాలలో 2.34 మీటర్ల దూరదర్శిని ఉన్నది. 1986లో వైను బప్పు పేరు పెట్టుకొన్నది ఆ వేధశాలే. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసినవారు. ఇంటివారు చూపగా ఆ బాలునికి ఆకాశం పరిచయమైనది.

మన పిల్లలకు చూపేదెవరు? నక్షత్రాల పేర్లు వల్లింపజేస్తున్నాము గాని, తలయెత్తి చూడమనడం లేదు. చలికాలపు రాత్రి మేడపైకి తీసుకువెళ్ళండి. మన పెద్దలు పిల్లలకోడి అన్న కృత్తికలను లెక్కించమనండి. ఒకరికి ఆరు, మరొకరికి ఏడు కనబడవచ్చు. దూరదర్శినిలో ఇంకెన్నో కనబడతాయి. ఎందుకీ తేడా అని తెలుగులో అడగనివ్వండి, తెలుగులోనే వ్రాయించండి.

అవ్వ చెప్పిన పేరు మరుగైతే మాటా పోతుంది, చూపూ పోతుంది.