కాళ్లు కలిస్తే చాలదు!

పాత యాంప్లిఫయర్ మూగబోయింది. మెకానిక్ విప్పి చూసి ‘ఈ ఐసీ దొరకడం లేదు సార్, బదులు ఇంకోటి వేస్తా’ అంటాడు. సరేనని తలూపేస్తాం. అదే మందుల షాపులో అయితే ఊరుకుంటామా? ‘డాక్టరు రాసింది ఇది కాదుగా’ అని నాలుగు ప్రశ్నలు వేస్తాం. ఐసీ విషయంలోనూ ఆ నాలుగు ప్రశ్నలూ వేయొచ్చు. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులు చేసే పిల్లలుంటే వాళ్లకీ పనికొస్తాయి.

ఇంతకీ నల్లగా, ఎనిమిది కాళ్లతో ఉండే ఆ చిన్న ముక్క పేరు ఆపరేషనల్ యాంప్లిఫయర్. ముద్దుగా ఆప్-యాంప్. బలహీనమైన సిగ్నల్‌ని పెంచడం, రెండు మూడు సిగ్నళ్లను కలపడం, బాస్, ట్రెబుల్ సర్దడం... ఇవన్నీ దానితో చేయించుకోవచ్చు. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ రూపొందించిన 741 వీటిలో బాగా పేరున్నది. చాలా కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ పాఠం దాంతోనే మొదలవుతుంది.

కాళ్లు కలుస్తాయా?

రెండింటికీ ఎనిమిదే ఉంటే సరిపోదు. 741లో ఉండేది ఒకే యాంప్లిఫయర్. ప్లస్ కరెంటు ఏడో కాలికి అందాలి. ఎల్ఎం358, 4558, టీఎల్072, ఎన్ఈ5532లలో రెండేసి ఉంటాయి. వీటికి ప్లస్ ఎనిమిదో కాలికి. 741 చోట 358 పెట్టారనుకోండి... ఎనిమిదో కాలికి ఏమీ అందదు. ఔట్‌పుట్ అయిన ఏడో కాలికి కరెంటు తగులుతుంది. ఐసీ దెబ్బతినొచ్చు కూడా!

ఎన్ని వోల్టులు?

ఆడియో సెట్లలో చాలావాటికి ప్లస్ 15, మైనస్ 15... అంటే మొత్తం 30 వోల్టులు అందుతాయి. కొత్త చిప్‌లలో కొన్ని 5, 6 వోల్టుల కోసమే తయారైనవి. వాటిని అక్కడ పెడితే అంతే సంగతులు. 358ది ఇంకో తీరు. 3 నుంచి 32 వోల్టుల దాకా పనిచేస్తుంది, ఇన్‌పుట్ సున్నా వోల్టుల దగ్గరున్నా గుర్తిస్తుంది. అందుకే చార్జర్లలో, సెన్సర్ బోర్డుల్లో కనిపిస్తుంది. అక్కడ ‘ఆడియోకి మంచిది కదా’ అని 072 వేస్తే సున్నా దగ్గర లెక్క తప్పుతుంది. అలాగని పాటల సెట్లో 358 వేస్తే స్వరంలో స్వచ్ఛత తగ్గుతుంది.

ఎంత వేగం?

741 వేగం దాదాపు 1 మెగాహెర్ట్జ్. 5532ది 10. వేగం ఎక్కువైతే మంచిదేగా అనిపిస్తుంది. కానీ నిదానపు ఐసీ కోసం గీసిన బోర్డులో చురుకైనదాన్ని కూర్చోబెడితే తనంతట తానే కంపించడం మొదలుపెట్టొచ్చు. ఆ మోత చెవికి వినపడదు. ఐసీ మాత్రం వేడెక్కుతుంది, పాట బరకబారుతుంది. కరెంటు కాళ్లకు ఆనుకుని 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వేయడం దీనికి తొలి జాగ్రత్త.

ఎంత తింటుంది?

072 సుమారు 3 మిల్లీయాంపియర్లతో సరిపెట్టుకుంటుంది. 5532కు 8 కావాలి. బ్యాటరీతో నడిచే పరికరమైతే ఆ తేడా త్వరగానే తెలుస్తుంది. పైగా 5532 ఇన్‌పుట్ లాగే కరెంటు 072 లాగేదానికి వేల రెట్లు. అది వాల్యూమ్ కంట్రోల్ గుండా పారితే, తిప్పినప్పుడల్లా గరగరే!

ఈ జవాబులన్నీ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో ఉంటాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకోండి. ఐసీ ఆకారం ఏమిటో చెప్పేవి అవే. చౌక ఐసీ మీద ఖరీదైన నంబరు ముద్రించి అమ్మడం ప్రపంచమంతటా ఉన్న బెడద. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి.

నిజానికి ఇక్కడ నష్టం పది ఇరవై రూపాయల ఐసీతో పోదు. మళ్లీ మళ్లీ సోల్డరింగ్ చేస్తే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. ఆ పాత బోర్డు మళ్లీ దొరకదు. అందుకే మొదటిసారే ఐసీ బేస్ వేయించండి. అంతకన్నా ముందు, పాత ఐసీ కాళ్లకు వోల్టులు సరిగ్గా అందుతున్నాయో లేదో మీటరు పెట్టి చూడమనండి. చాలాసార్లు తప్పు సరఫరాది, శిక్ష ఐసీకి!