ఉభయ కుశలోపరి

చిన్నప్పుడు వీరులపాడులో మా పెద్దమ్మకు ఉత్తరాలు వ్రాసిపెట్టడం నా ఉద్యోగం. జీతం రెండు జంతికలు. ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తూ చెప్పేది. నేను ఇన్‌లాండు కవరు పుస్తకంమీద పెట్టుకుని వ్రాసేదాన్ని. ఆ ఉత్తరాలు మధిరలో కాపురముంటున్న ఆమె చిన్ననాటి స్నేహితురాలికి. "ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలు. వానల సంగతి, పత్తి ధర సంగతి, గేదె ఈనిన సంగతి అన్నీ ఉండేవి. ఒక్కటి మాత్రం ఉండేది కాదు. మా పెదనాన్న జగ్గయ్యపేటలో రెండో సంసారం పెట్టాడన్నది ఊరందరికీ తెలుసు. పదేళ్ళదాన్ని, నాకూ తెలుసు. కాగితానికే తెలియదు.

ఈమధ్య ఒక నవల చదువుతూంటే ఆ కవర్లు జ్ఞాపకం వచ్చాయి. వ్రాసినావిడ మరియామా బా. ఊరు పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ దేశపు డాకార్ పట్నం, వృత్తి బడిపంతులమ్మ. 1979లో ఫ్రెంచిలో వెలువడిన ఆ నవల పేరు తెలుగులో చెప్పాలంటే "ఇంత పొడుగు ఉత్తరం". నిజంగానే అది పుస్తకమంత ఉత్తరం. 1980లో ఆఫ్రికా రచనలకు అప్పట్లో ఇచ్చే నోమా బహుమానం మొట్టమొదట దానికే వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది.

కథ ఏమిటంటారా? రామతులాయ్ అనే ఉపాధ్యాయినికి పన్నెండుమంది పిల్లలు. ఇరవై అయిదేళ్ళ కాపురం తర్వాత భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు ఎవరో కాదు, వీళ్ళ పెద్దమ్మాయితో చదువుకున్న పిల్ల! పెళ్ళి అయిపోయాక ముగ్గురు పెద్దమనుషులు తీరిగ్గా ఇంటికి వచ్చి భార్యకు కబురు చెప్పారు. ఆమె నవ్వి, మర్యాద చేసి పంపింది. మా పెద్దమ్మ కూడా అలాగే కాఫీ ఇచ్చి పంపి ఉంటుంది. ఆ తర్వాత భర్త పోయాడు. వాళ్ళ మతాచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఆ రోజుల్లో కూర్చుని, అయిసతూ అనే స్నేహితురాలికి మనసంతా విప్పి వ్రాసింది.

అయిసతూకీ అదే అన్యాయం జరిగింది. కంసాలి కూతురు కోడలుగా రావడం సహించలేక అత్తగారే కొడుక్కి రెండో పెళ్ళి చేసింది. అయిసతూ ఒక ఉత్తరం వ్రాసిపెట్టి, నలుగురు కొడుకులనూ వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. ఒకామె వెళ్ళింది; ఒకామె ఉండిపోయింది. ఎవరు చేసింది ఒప్పు? రచయిత్రి తీర్పు చెప్పదు. కాని ఉండిపోయినామె కూడా, భర్త సోదరుడు వచ్చి నిన్ను నేను చేసుకుంటానన్నప్పుడు, ముఖంమీదనే కాదంటుంది.

ఆ దేశానికి 1960లో స్వతంత్రం వచ్చింది. తొలి అధ్యక్షుడు సెంఘోర్ స్వయంగా కవి. నల్లజాతి స్త్రీని ఆఫ్రికా నేలతో పోల్చి కీర్తించిన వాడు. దేశాన్ని తల్లిగా కొలవడం మనకూ కొత్త కాదు. అయితే తల్లిని పటంలో పెట్టి పూజించడం వేరు, వంటింట్లో ఆమె ఎలా ఉన్నదో అడగడం వేరు. ఆఫ్రికా రచయిత్రులు అడిగింది ఆ రెండో ప్రశ్న. నైజీరియాలో ఫ్లోరా న్వాపా 1966లో వ్రాసిన "ఎఫురు" నాయిక దక్షత గల వ్యాపారస్తురాలు. ఉన్న ఒక్క బిడ్డా పోయింది. ఆమె కొలిచే సరస్సు దేవతకూ బిడ్డలు లేరు. మరి ఆడవాళ్ళు ఆ దేవతను ఎందుకు కొలుస్తున్నట్టు? ఆ ప్రశ్నతోనే నవల ముగుస్తుంది. అక్కడి మాటనే పట్టుకుని బూచి ఎమెచెటా 1979లో తన నవలకు "మాతృత్వపు ఆనందాలు" అని పేరు పెట్టింది. అందులో తల్లి బిడ్డలకోసం అరిగి అరిగి, చివరకు దారిపక్కన ఒంటరిగా ప్రాణం విడుస్తుంది. కొడుకులు అంత్యక్రియలు మాత్రం అట్టహాసంగా చేస్తారు! ఇటువంటి అంత్యక్రియలు మన పల్లెల్లో మీరెన్ని చూడలేదు?

స్నేహితురాలికి ఉత్తరంగా కథ చెప్పడం మనకూ తెలిసిన విద్యే. 1930 ప్రాంతాల్లో కనుపర్తి వరలక్ష్మమ్మగారు "గృహలక్ష్మి" పత్రికలో "శారద లేఖలు" వ్రాశారు. శారద తన నెచ్చెలి కల్పలతకు వ్రాసినట్టుండే ఆ లేఖల్లో బాల్యవివాహాల మొదలు ఆడవాళ్ళకు పనికివచ్చే విషయాలెన్నో చర్చకు వచ్చాయి. డాకార్ కెంత దూరం, బాపట్ల కెంత దూరం! అయినా ఇద్దరికీ తోచిన దారి ఒకటే. సభలో చెప్పలేనిది స్నేహితురాలికి చెప్పవచ్చు. స్నేహితురాలికి చెప్పినట్టు చెబితే సభ కూడా వింటుంది.

మొన్న సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఈ కథ పెద్దమ్మకు చెప్పాను. ఇప్పుడామెకు ఎనభై దాటాయి. అంతా విని, "ఆవిడకి చదువుంది, రాసుకుంది. నేను చెప్తే రాసేదానివి నువ్వు. పసిదానిచేత ఆ మాటలు ఎట్లా రాయించనే?" అన్నది. ఇన్నేళ్ళూ ఆమెది పిరికితనం అనుకున్నాను. నా కోసమే నోరు నొక్కుకుందని ఒక్కసారైనా తోచలేదు. హిందువుల్లో రెండో పెళ్ళి చెల్లదని 1955లోనే చట్టం వచ్చింది. పెళ్ళి ఊసే లేకుండా పెట్టిన సంసారాన్ని ఆ చట్టం ఏం చేస్తుంది? చట్టం మాట అటుంచండి, తన కష్టం తన చేత్తో వ్రాసుకునేపాటి అక్షరాలైనా ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కాసేపాగి, "ఆ అమెరికా ఆవిడ జవాబు రాసిందా?" అని అడిగింది.

"జవాబు పుస్తకంలో లేదు పెద్దమ్మా. కాని చివర్లో ఆవిడే చూడ్డానికి వస్తోంది."

"వస్తే చాల్లే" అన్నది పెద్దమ్మ.

మధిర స్నేహితురాలు ఇప్పుడు లేదు. మీ స్నేహితురాలు ఉన్నదేమో, ఈ ఆదివారం వెళ్ళి చూసి రండి. "అంతా క్షేమమే" అంటే నమ్మి లేచి రాకండి. ఇంకొంచెంసేపు కూర్చోండి.