కొంటా లైను ఎవరికి వేస్తారు?

2022లో ఎమ్మే అయ్యాక, పీహెచ్‌డీ సీటు రాకముందు, పది నెలలు సబ్బులూ షాంపూ ప్యాకెట్లూ అమ్మాను. ఇంటర్వ్యూలో ఏరియా మేనేజరు ముందు ఇంటిపేరు అడిగాడు, తర్వాత ఊళ్లో మా ఇల్లు ఎటువైపని అడిగాడు. నాతోపాటు చేరినవాళ్లు ముగ్గురు. ఇద్దరికి ఖమ్మం టౌను, ఒకరికి కొత్తగూడెం. నాకు చింతూరు, సరిహద్దు దాటి కొంటా. "మీవాళ్లుండే ఏరియానే కదా, నీకు అలవాటే" అన్నాడు. నేను మాదిగను. కొంటా చుట్టుపక్కల కోయలు, దోర్లలు. ఆయన లెక్కలో మేమంతా ఒకటే.

కొంటాలో తెలుగు నడుస్తుందని నన్ను హైదరాబాదు ఆఫీసు కింద పెట్టారు. సరుకు మాత్రం జగదల్‌పూర్ నుంచి రావాలి. రాకపోతే ఈ ఆఫీసు ఆ ఆఫీసును చూపించేది. టార్గెట్ మాత్రం ఒకటో తారీఖునే దిగేది. జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, శబరి ఎగదన్ని కొంటాలోకి వచ్చింది. రోడ్డు లేదు, సిగ్నల్ లేదు. హాజరు వేసే యాప్ ఆ వారమంతా నన్ను గైర్హాజరు చేసింది. జీతం కోశారు. టార్గెట్ కోయలేదు.

నెలాఖరున ఒకటే ఫోను: బిల్లు కొట్టించు. అడగని సరుకు కిరాణా కొట్లమీద రుద్దితే అది అమ్మకమని రాసుకునేవారు. గడువు తీరి తిరిగొస్తే ఆ సొమ్ము నా ఇన్సెంటివ్‌లోంచి పోయేది. సంతలో ఇప్పపువ్వు అమ్మి ఒక్క షాంపూ ప్యాకెట్ కొనుక్కునే ఆడవాళ్లతో మాట్లాడటానికి నేను కోయ మాటలు నేర్చుకున్నాను. ఆ చదువుకు ఏ జీతం స్లిప్పులోనూ గడి లేదు.

ఇదంతా చెబితే మా డిపార్ట్‌మెంటులో ఒక సారు "మేనేజ్‌మెంట్ బాగోలేదు" అన్నారు. నేనొప్పుకోను. చేతకానితనమే అయితే నష్టం ఎప్పుడో ఒకసారి పైవాడికీ తగలాలి కదా? పది నెలల్లో ముగ్గురు మేనేజర్లు మారారు, ముగ్గురూ ప్రమోషన్ మీదే పోయారు. కిందికి మాత్రమే జారే నష్టాన్ని చేతకానితనం అనడం మర్యాద. మన ఊళ్లలో మురుగు కూడా అలాగే వాడవైపే పారుతుంది, దాన్నెవరూ ఇంజినీరింగ్ లోపం అనరు.

చట్టం లేదా? అప్పటికి ఉండేది. 1976 నాటి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం నియామకపత్రం ఇవ్వాలనేది. మొదట మందుల కంపెనీలకే ఉన్నదాన్ని 2011లో సబ్బులు, బిస్కెట్ల కంపెనీలకూ వర్తింపజేశారు. నాకొచ్చింది వాట్సాప్ మెసేజ్. ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 48 గంటల హద్దు పెట్టే బిల్లు 1946లో తెచ్చింది బాబాసాహెబే. మోటార్ సైకిల్ మీద తిరిగే నాకు గేటూ లేదు, సైరనూ లేదు.

మనం క్యాంపస్‌లో రిజర్వేషన్ గురించి ప్రభుత్వోద్యోగం దాకా మాట్లాడి ఆగిపోతాం. ప్రైవేటులో రిజర్వేషన్ అడిగేవాళ్లు కూడా ఉద్యోగం దొరకడం దగ్గరే ఆగుతారు. చేరాక ఎవరికి ఏ లైను పడిందో, ఎవరి జీతంలో ఎంత కోత పడిందో కులాలవారీగా లెక్క తీయమని ఎవరూ అడగరు. ఆ రిజిస్టర్లు కంపెనీల దగ్గర ఉన్నాయి. లేనిది అడిగే థీసిస్ ఒక్కటే.

మానేసినప్పుడు చివరి లెక్క పంపారు. నేనే కంపెనీకి 2,140 రూపాయలు బాకీ అట. ఇంకా కట్టలేదు.